పిల్లలతో దుప్పటి గుడారం: కొలతలు, కట్టే తీరు, కూలే చోట్లు

నూలుపోగు (చర్చ మొదలుపెట్టినవారు)

వేసవి సెలవులు వచ్చాయంటే హాల్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా చేరతాయి. మంచం మీది దుప్పటి వాటి మీదికి ఎక్కుతుంది. పిల్లలు లోపలికి దూరతారు. పది నిమిషాలు తిరక్కుండానే ఒక కుర్చీ ఒరుగుతుంది, దుప్పటి ముద్దగా కింద పడుతుంది, "చాల్లే, ఇక సర్దేయండి" అని వంటింట్లోంచి కేక వస్తుంది. ఆట అక్కడితో సరి. నిజానికి ఆట అసలు మొదలవ్వాల్సింది ఆ కూలిన క్షణంలోనే.

సరదాగా ఉంటుందన్న మాట అందరికీ తెలిసిందే, దాన్ని పక్కన పెడదాం. తెలిసినవాళ్ళు ఈ ప్రశ్నలకు వివరంగా రాయండి. ఏ దుప్పటికి ఎంత గుడారం వస్తుంది? కుర్చీలు ఎందుకు పడతాయి? మన ఎండల్లో లోపల ఉక్కపోయకుండా ఏం చెయ్యాలి? పెద్దవాళ్ళు ఎంతవరకు చెయ్యి పెట్టాలి? బజారులో రెడీమేడ్ బొమ్మల టెంటు దొరుకుతుంటే ఈ శ్రమంతా దేనికని అడిగేవాళ్ళకు కూడా ఒక జవాబు కావాలి.

ఆటలబడి

ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతానండీ. రెడీమేడ్ టెంటులో గుమ్మం ఎక్కడుండాలో, కప్పు ఎంత ఎత్తుండాలో కుట్టినవాళ్ళే తేల్చేశారు. పిల్లకు మిగిలిన పని లోపలికి వెళ్ళడం, బయటికి రావడం. దుప్పటి, కుర్చీ, తాడు, క్లిప్పు చేతికిస్తే ప్రతిదీ తనే తేల్చుకోవాలి. అదే కుర్చీ ఇవాళ గోడ, రేపు గుమ్మం, ఎల్లుండి కొట్టు బల్ల. బ్రిటన్‌కు చెందిన సైమన్ నికల్సన్ 1971లో రాసిన "లూజ్ పార్ట్స్" సిద్ధాంతం సారం ఇదే: అటూ ఇటూ మార్చుకోగల వస్తువులు చుట్టూ ఎన్ని ఎక్కువుంటే పిల్లల ఊహకు అంత ఎక్కువ పని దొరుకుతుంది. అంతకు చాలా ముందే, 1943లో, కోపెన్‌హాగెన్‌లోని ఎమ్‌డ్రప్‌లో సోరెన్‌సెన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు ఊహించిన ఆటస్థలం ఒకటి తెరిచారు. అక్కడ పాత చెక్కలు, ఇటుకలు ఇచ్చి పిల్లల్నే కట్టుకోమన్నారు.

మనకు ఇది కొత్తా? తడి ఇసుకలో పాదం పెట్టి, పైన తట్టి, మెల్లగా కాలు లాగి కట్టే పిచ్చుకగూడు ఉంది. గుజ్జనగూళ్ళు వండుకునే బొమ్మరిల్లు ఉంది. ఇసుక కుప్ప అపార్టుమెంటు గేటు బయటే ఉండిపోయింది, దుప్పటి ఇంకా ఇంట్లోనే ఉంది.

నేర్చుకునేది ఏమిటంటారా, కట్టేటప్పుడు వాళ్ళ నోట వచ్చే మాటలు వినండి. "అంచు పట్టుకో", "ఆ మూల కిందకి లాగు", "మధ్యలో వేలాడుతోంది", "ఇటు పొడవు చాల్లేదు, తిప్పి వెయ్యి". అంచు, మూల, మధ్య, అడ్డం, నిలువు, పొడవు, వదులు, బిగువు. బొమ్మల పుస్తకం చూపించి నేర్పే మాటలు ఇవి కావు. చెయ్యి ఆ పని చేస్తుండగా నోటికి రావాలి. పైగా ఇద్దరు పిల్లలు ఒకే దుప్పటి రెండు కొసలూ పట్టుకున్నప్పుడు, ఒకరు లాగితే రెండోవారి చేతిలోది జారుతుంది. మాట్లాడుకోకుండా పని జరగదు.

కొలబద్ద

కొలతలు నేను రాస్తాను. మామూలు సింగిల్ దుప్పటి 60 అంగుళాలు, 90 అంగుళాలు, అంటే సుమారు 152, 228 సెంటీమీటర్లు. డబుల్ దుప్పటి 90, 100 అంగుళాలు, అంటే 228, 254. మడత పెట్టి వేసే ముందు టేపుతో ఒకసారి కొలవండి, ఉతికిన నూలు దుప్పటి కొంచెం కుంచించుకుపోయి ఉంటుంది.

రెండు కొసల మధ్య తాడు కట్టి, దాని మీద దుప్పటి సగానికి వేసి, రెండు పక్కలా లాగితే వచ్చేది మామూలు గుడారం. ఆ తాడును నడితాడు అందాం. సింగిల్ దుప్పటిని పొడవు అడ్డంగా వచ్చేట్టు వేస్తే నడితాడుకు అటు 114, ఇటు 114 సెంటీమీటర్లు దిగుతుంది. తాడు నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కింద వెడల్పు 140 వస్తుంది, పొడవు 152. ఇద్దరు చిన్నపిల్లలు కూర్చుని ఆడుకోవచ్చు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "ఇంకొంచెం ఎత్తుగా ఉంటే బాగుంటుంది" అని తాడును పైకి జరుపుతారు. 90 నుంచి 100కు జరిపితే పెరిగేది 10 సెంటీమీటర్లే, కింద వెడల్పు మాత్రం 140 నుంచి 110కి పడిపోతుంది. 30 సెంటీమీటర్లు పోయాయి! పిల్లలు "ఇరుకుగా అయిపోయింది" అంటారు, ఎందుకో పెద్దవాళ్ళకు అర్థం కాదు. లంబకోణ త్రిభుజం లెక్కే. ఎత్తు వర్గం, సగం వెడల్పు వర్గం కలిపితే వాలు వర్గం. హైస్కూలు పిల్లలుంటే ముందు కాగితం మీద లెక్క కట్టమనండి, తర్వాత టేపు పెట్టి సరిచూడమనండి. డబుల్ దుప్పటిని 254 అడ్డంగా వేసి తాడు 100 ఎత్తులో కడితే వెడల్పు 156 వస్తుంది, పొడవు 228. పెద్దవాళ్ళొకరు, పిల్లలు ముగ్గురు పడతారు.

నేల మీద కూర్చున్న పెద్దమనిషి తల 85, 90 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అందుకే 100 దాటి పోవాల్సిన అవసరం పెద్దగా రాదు. అసలు పిల్లలు కోరుకునేది తక్కువ ఎత్తునే. వంగి దూరితేనే అది వాళ్ళ ఇల్లు.

గోదారిగట్టు

ఇంత లెక్కెందుకండీ, పాత నూలు చీర తీసుకుంటే సరిపోదా? ఐదున్నర మీటర్లు ఉంటుంది. తాడు మీదుగా ఒకసారి అటు దించి, మళ్ళీ పక్కనే ఇటు ఎక్కిస్తే రెండు వరసల్లో పెద్ద గుడారం వస్తుంది. దుప్పటి కన్నా తేలిక, గాలీ ఆడుతుంది.

కొలబద్ద

గాలి ఆడుతుందన్నది నిజమే, రెండు వరసల సంగతి మాత్రం కుదరదు. చీర వెడల్పు సుమారు 115 సెంటీమీటర్లు. మొదటి వరస నేలకు దిగాక రెండో వరసకు వెళ్ళాలంటే గుడ్డ పక్కకు 115 సెంటీమీటర్లు జరగాలి. జరపాలంటే నేల దగ్గర రెండు ఏటవాలు మడతలు వెయ్యాలి. ఆ మడతల్లోనే మీటరు పైగా పోతుంది, రెండో వరస నేలను అందదు. చీర నిలువునా తాడు వెంట వేస్తే ఇంకా కష్టం, అటూ ఇటూ 57 సెంటీమీటర్లే దిగుతుంది.

చీరకు సరైన చోటు డైనింగ్ టేబుల్. నలుగురు కూర్చునే బల్ల 120, 75 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 390. చీర ఒక చుట్టు తిరిగి ఇంకా మీటరున్నర మిగులుతుంది. ఆ మిగిలింది గుమ్మం దగ్గర ఒకదాని మీద ఒకటి పడే తెర అవుతుంది. బల్ల ఎత్తు 75, చీర వెడల్పు 115, కాబట్టి 40 సెంటీమీటర్లు బల్ల మీదికి మడవొచ్చు.

ఆ మడత జారకుండా స్టీలు గిన్నెలో, పుస్తకాలో పెడుతుంటారు. దయచేసి పెట్టకండి. లోపలి నుంచి చీర లాగితే అవి నేరుగా తల మీదికి వస్తాయి. బల్ల పలక చుట్టూ ఎలాస్టిక్ గాని, పాత సైకిల్ ట్యూబును గుండ్రంగా కోసి కలిపిన పట్టీ గాని బిగిస్తే చీర కదలదు.

గోదారిగట్టు

సరేనండీ, బల్లకే వాడతాం. రెండు మూడేళ్ళ పిల్లలకు అసలు తాడు గొడవే లేని ఈ బల్ల గుడారమే మంచిదనిపిస్తోంది.

పరంజామేస్త్రి

కుర్చీలు ఎందుకు పడతాయన్నది నేను చెప్తాను. తాడును వీణ తీగలా బిగించడమే అసలు కారణం. కప్పు సమంగా ఉండాలని బిగిస్తారు. ఎంత బిగిస్తే అది కుర్చీలను అంత బలంగా లోపలికి లాగుతుంది.

3 మీటర్ల దూరంలో రెండు కుర్చీలు, మధ్య తాడు మీద కిలో బరువు దుప్పటి అనుకోండి. తాడు మధ్యలో 5 సెంటీమీటర్లే కుంగేలా బిగిస్తే ఒక్కో కుర్చీ మీద పడే లాగుడు 7.5 కిలోల బరువుతో సమానం. 15 సెంటీమీటర్లు కుంగనిస్తే అది 2.5 కిలోలకు తగ్గుతుంది. 20 కుంగితే 2 కిలోల లోపే. దుప్పటి బరువు ఏమీ మారలేదు, మారింది కుంగుడు ఒక్కటే. దుప్పటి పక్కల్ని కూడా బిగించి లాగితే ఈ అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు కుర్చీ వైపు చూడండి. ప్లాస్టిక్ కుర్చీ బరువు రెండు, రెండున్నర కిలోలు. వీపు ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు. ఆ పై అంచున తాడు కట్టి లాగితే 700 గ్రాముల లాగుడుకే కాళ్ళు లేస్తాయి. అంటే ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ ఏ దుప్పటినీ మొయ్యలేదు. పిల్లలు తోశారనో తన్నారనో వాళ్ళను తిడతాం గానీ అది పడక తప్పదు.

కుర్చీని వీపు గుడారం వైపు, కూర్చునే పలక బయటి వైపు వచ్చేట్టు తిప్పండి. పలక మీద 5 లీటర్ల నీళ్ళ క్యాను పెట్టండి. పలక మధ్యలో కాదు, బయటి అంచుకు దగ్గరగా. బరువు గుడారానికి ఎంత దూరంగా ఉంటే అంత పట్టు. అలా పెడితే కుర్చీ 2.9 కిలోల లాగుడు దాకా ఆగుతుంది. తాడును 20 సెంటీమీటర్లు కుంగనిస్తే లెక్క సరిపోతుంది. ఇంకా పట్టు కావాలంటే 10 కిలోల బియ్యం బస్తా. బరువు బయట ఉంది కాబట్టి లోపల చోటు తగ్గదు, పిల్లల మీద పడే ప్రమాదమూ ఉండదు.

పాలరాయి, టైల్సు మీద కుర్చీ పడకపోయినా జారుతుంది. కాళ్ళ కింద సైకిల్ ట్యూబు ముక్కలు అరచేయంత కోసి పెట్టండి. తడిగుడ్డ వద్దు, పిల్లలు జారిపడతారు.

కుర్చీలు అసలు లేకుండా చేసుకోగలిగితే మరీ మంచిది. రెండు ఎదురెదురు కిటికీలకు ఊచలుంటే అంతకన్నా గట్టి కొస లేదు. దోమతెర కర్రలున్న మంచం ఉంటే నాలుగు నిట్టాళ్ళు సిద్ధంగా ఉన్నట్టే. తలుపు గడియకు, బీరువా పిడికి, ఫ్రిజ్‌కు, టీవీ స్టాండుకు మాత్రం కట్టొద్దు. తలుపు ఎవరో ఒకరు తెరుస్తారు. బీరువా తలుపు లాగుడుకు తెరుచుకుని వేళ్ళ మీద మూసుకుంటుంది.

నూలుపోగు

పరంజామేస్త్రి గారూ, చాలా ఉపయోగం. ఒక సందేహం. నీళ్ళ క్యాను పెట్టాక కూడా ఒక పిల్లవాడు లోపలి నుంచి కప్పును గట్టిగా లాగితే? లెక్క తప్పదా?

పరంజామేస్త్రి

తప్పుతుంది. 20 సెంటీమీటర్లు కుంగిన తాడును మధ్యలో 3 కిలోల బరువుతో కిందికి లాగితే కొసల దగ్గర లాగుడు 11 కిలోల దాకా పోతుంది. దానికి తగ్గట్టు కుర్చీని బిగిస్తూ పోవడం తప్పుదారి. ఏదో ఒకటి వదిలెయ్యాలి, అది ఏదన్నది మనం ముందే తేల్చుకోవాలి.

అందుకే తాడును కుర్చీకి పీటముడి వెయ్యకండి. తాడు కొసను ఉచ్చులా మడిచి, బట్టలారేసే క్లిప్పుతో కుర్చీ వీపుకు పట్టించండి. బలంగా లాగితే క్లిప్పు ఊడుతుంది, దుప్పటి మెత్తగా దిగుతుంది, కుర్చీ నిలబడే ఉంటుంది. ఇంటి కరెంటులో ఫ్యూజు చేసే పనే ఇది. కాగితాలకు పెట్టే నల్ల బైండర్ క్లిప్పులు ఈ చోట పనికిరావు, అవి వదలవు. వాటిని దుప్పటికీ దుప్పటికీ అతికే చోట వాడుకోండి.

కట్టడం అయ్యాక, పిల్లలు దూరే ముందు పెద్దవాళ్ళు ఒక పరీక్ష చెయ్యాలి. తాడు మధ్యలో రెండు వేళ్ళు వేసి మెల్లగా కిందికి లాగండి. ముందు ఏది కదిలిందో చూడండి. క్లిప్పు ఊడితే సరిగ్గా ఉంది. కుర్చీ కాలు లేస్తే బరువు చాల్లేదు లేదా క్లిప్పు మరీ గట్టిది.

బొంతలపెట్టె

దుప్పటికి కన్నం పెట్టకుండా తాడు కట్టే ఉపాయం చాలామందికి తెలియదు. మూల దగ్గర గుడ్డ కింద చిన్న ఉండ పెట్టండి, గుడ్డను దాని చుట్టూ చేర్చి మెడ దగ్గర నూలుతాడు బిగించండి. అది మెడ కట్టిన లడ్డూలా ఉంటుంది, ఎంత లాగినా జారదు. ఉండకు గోలీ బాగుంటుంది గానీ మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గోలీ వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. పాత సాక్సు ముద్ద చాలు. నైలాన్ తాడు నున్నగా ఉంటుంది, ముడి దానంతటదే వదులవుతుంది. నూలుతాడే వాడండి.

ఇంట్లో ఉయ్యాల కొక్కెం ఉంటే దుప్పటి నడిమధ్యన ఇలాగే ఉండ కట్టి కొక్కేనికి వేలాడదీసి నాలుగు మూలలూ చాపవచ్చు. ఒకే తాడుతో గుడారం నిలబడుతుంది. ప్రతి పక్కా మధ్యలో సందు మిగులుతుంది, వాటికి చున్నీలు తగిలిస్తే నాలుగు గుమ్మాలు. అయితే పిల్లలకు ఒకటి గట్టిగా చెప్పాలి, ఇది గుడారమే, ఉయ్యాల కాదు, దీన్ని పట్టుకుని వేలాడకూడదు.

ఏ గుడ్డ మంచిదని అడిగితే, నోటికి అడ్డంగా పెట్టుకుని ఊదండి. అటువైపు చేతికి గాలి తగిలితే కప్పుకు పనికొస్తుంది. తగలకపోతే నేల మీద పరవండి. బొంతలు, రగ్గులు, షోలాపూర్ దుప్పట్లు ఎప్పుడూ నేలకే. వాటి బరువు కప్పుకు భారం, వేడి పిల్లలకు భారం. కప్పడానికి నూలు దుప్పటి, పంచె, పాత చీర. కొన్నాళ్ళుగా మడతపెట్టి ఉన్న బొంతను ముందు రోజు ఎండలో వేసి దులపండి. తుమ్ములొచ్చే పిల్లలకు ఆ దుమ్మే సగం ఇబ్బంది.

ఎండాకాలం

ఉక్క గురించి. వేడిగాలి పైకి చేరుతుంది, మనం కట్టే కప్పు దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. అందుకే గుమ్మం ఒక్కటే పెడితే చాలదు. ఎదురెదురుగా రెండు సందులు ఉండాలి, ఒకటి కింద, రెండోది పైన. దుప్పటి అంచు నేలకు ఆనించకుండా ఒక పక్క జానెడు ఎత్తి క్లిప్పు పెట్టండి, ఎదురు పక్క నడితాడు దగ్గర త్రికోణంలా తెరిచి ఉంచండి. కింద నుంచి చల్లగాలి వస్తుంది, పై నుంచి వేడి పోతుంది.

టేబుల్ ఫ్యాను బయటే ఉండాలి, గుడారానికి కనీసం మీటరు దూరంలో, గాలి లోపలికి కొట్టేట్టు. ఫ్యాను వెనక వైపు గుడ్డ ఉండకూడదు, గాలిని పీల్చుకునేది ఆ వైపే, అంచు లోపలికి పోతుంది.

సీలింగ్ ఫ్యాను సంగతి పెద్దక్షరాల్లో రాయాలనిపిస్తోంది. ప్రమాదం గుడారం నిలబడ్డాక కాదు, దుప్పటి పరిచేటప్పుడు, మడిచేటప్పుడు. ఇద్దరు రెండు కొసలు పట్టుకుని గాలిలోకి ఎగరేస్తారు, మధ్యభాగం పైకి ఉబ్బుతుంది, ఫ్యాను రెక్కకు తగులుతుంది. కట్టేముందు ఒకసారి, విప్పేముందు ఒకసారి స్విచ్చి ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాకే దుప్పటి ఎత్తాలి. ఫ్యానుకు గాని దాని కొక్కేనికి గాని ఏ తాడూ కట్టకూడదు.

దీపం, కొవ్వొత్తి, దోమల చక్రం, కరెంటుకు పెట్టే సీరియల్ బల్బులు లోపలికి పోకూడదు. బ్యాటరీ టార్చి ఒకటి చాలు. తెల్ల దుప్పటి కప్పు వైపు తిప్పి పెడితే వెలుగు అంతటా పరుచుకుంటుంది, కళ్ళల్లోకి కొట్టదు. పవర్ బ్యాంకును దిండు కింద పెట్టనివ్వొద్దు, వేడెక్కుతుంది. మధ్యాహ్నం మూడు గంటల ఎండకు కాగే పైకప్పు కింది గదిలో కన్నా, ఉత్తరం వైపు గదిలో కడితే సగం సమస్య పోతుంది.

ఆటలబడి

తాళ్ళ గురించి ఒక ముక్క కలుపుతాను. గుడారం దాటి బయటికి సాగిన తాడు పరుగెత్తే పిల్లవాడి మెడ ఎత్తులో ఉంటుంది, పైగా కనపడదు. దాని మీద ఎర్ర తువ్వాలు వేలాడదీయండి. వేలాడే కొసలు జానెడుకు మించకుండా కత్తిరించండి. జారుముడి ఎక్కడా వద్దు, లాగితే బిగుసుకునేది అదే. ఏడాది లోపు పిల్లలను ఒంటరిగా లోపల పడుకోబెట్టకూడదు. రెండేళ్ళ వాళ్ళకు దోమతెర కప్పు బాగుంటుంది, గాలికి కొదవ లేదు, లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపిస్తుంది.

డాలస్‌తెలుగు

అమెరికాలో ఉన్నవాళ్ళకు రెండు తేడాలు. కార్పెట్ మీద కుర్చీలు జారవు కాబట్టి ట్యూబు ముక్కల పని లేదు. కానీ నేలలో వేడిగాలి వచ్చే జాలీలుంటాయి, చలికాలంలో వాటి మీద గుడారం పడకుండా చూడాలి. గదిలో పెట్టే హీటరు దగ్గరలో అసలు కట్టొద్దు. అద్దె ఇంట్లో గోడకు అంటించే కొక్కేలు వాడితే ఊడదీసేటప్పుడు రంగు కూడా ఊడొచ్చు, సోఫా వీపులే నయం. సోఫా బరువుకు 7.5 కిలోల లాగుడు ఒక లెక్క కాదు.

నూలుపోగు

పెద్దవాళ్ళు ఎంతవరకు చెయ్యి పెట్టాలన్నది మిగిలింది. ఇంత లెక్క చదివాక, నాన్నే గుడారం కట్టేసి పిల్లల్ని లోపలికి పిలుస్తాడేమోనని భయంగా ఉంది.

ఆటలబడి

మీ భయం న్యాయమైనదే. కట్టడానికి పరంజా వేస్తారు, గోడ నిలబడ్డాక విప్పేస్తారు. పిల్లలకు చేసే సాయానికి అదే పేరు పెట్టారు డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో. మూడు, నాలుగు, ఐదేళ్ళ పిల్లలు 30 మందికి 21 చెక్క ముక్కలిచ్చి పిరమిడ్ కట్టిస్తూ, నేర్పే మనిషి ఏం చేయాల్సి వస్తోందో గమనించారు. మూడేళ్ళ వాళ్ళను పనిలోకి లాగడం, పనిలో నిలపడంతోనే సరిపోయింది. నాలుగేళ్ళ వాళ్ళకు మాటతో గుర్తు చేస్తే చాలు. ఐదేళ్ళ వాళ్ళు తాము కట్టింది సరేనా అని చూపించుకోవడానికే ఎక్కువగా అడిగారు.

దుప్పటి దగ్గర కూడా అదే వరస పాటించండి. మూడేళ్ళ పిల్లకు బల్ల మీద చీర మీరే కట్టండి, తనకు గుమ్మం తెర ఒక్కటీ వదలండి, తియ్యడం, వెయ్యడం తనదే. నాలుగైదేళ్ళ పిల్ల దగ్గర కూర్చుని, దుప్పటి జారినప్పుడు చెయ్యి చాపకుండా అడగండి: "ఎటువైపు జారింది?" ఆ ప్రశ్నకు పిల్ల వెళ్ళి చూస్తుంది. "అలా కాదు, ఇలా పెట్టు" అంటే మీ చేతుల వంక చూస్తుంది. ఆ తేడా చాలా పెద్దది. ఆరు దాటినవాళ్ళకు టేపు, పెన్సిలు ఇచ్చి, "ముగ్గురు పట్టాలి, ఏ దుప్పటి కావాలి?" అని వదిలెయ్యండి. తొమ్మిది, పదేళ్ళ వాళ్ళకు పరంజామేస్త్రి గారి అంకెలు చెప్పకండి. తాడు బిగించినప్పుడు ఒకసారి, వదులు చేసినప్పుడు ఒకసారి కుర్చీని చేత్తో పట్టుకోమనండి, లాగుడు వాళ్ళ చేతికే తెలుస్తుంది.

అయితే ఫ్యాను, బరువు, క్లిప్పు పరీక్ష, మంట, ఈ నాలుగూ పెద్దవాళ్ళ బాధ్యత. వాటిలో చర్చ లేదు. మిగిలినదంతా వాళ్ళది. వంకరగా ఉంటే వంకరగానే ఉండనివ్వండి. ఫోటో కోసం సరిచెయ్యకండి, సరిచేసిన మరుక్షణం అది మీ ఇల్లైపోతుంది.

ఇంకో విషయం మనసులో పెట్టుకోండి. పెళ్ళిళ్ళకో పండక్కో ఇల్లు నిండినప్పుడు కొందరు పిల్లలు గుడారంలోకి వెళ్ళి బయటికి రారు. "అత్తయ్య వచ్చింది, బయటికి రా" అని కాలు పట్టుకుని లాగొద్దు. చప్పుడు, మనుషులు ఎక్కువైనప్పుడు చిన్న చోటు వాళ్ళను కుదుటపరుస్తుంది. తలుపు లేని ఇంటి ముందు కూడా "రావచ్చా?" అని అడిగి, రమ్మంటేనే దూరండి. చీకటంటే భయపడే పిల్లకు ఒక పక్క పూర్తిగా తెరిచి ఉంచండి. రెండు రోజుల తర్వాత ఆ తెర తనే వేసుకుంటుంది, లేకపోతే లేదు, తొందరేం లేదు.

గోదారిగట్టు

ఎన్నాళ్ళు ఉంచొచ్చు? హాలు ఒక్కటే ఉన్న ఇంట్లో రోజూ సాయంత్రం విప్పాల్సిందేగా?

బొంతలపెట్టె

వీలైతే కనీసం ఒక రాత్రి దాటనివ్వండి. మొదటి రోజంతా కట్టడానికే పోతుంది, లోపల కథలూ కొట్లూ ఆసుపత్రులూ రెండో రోజే మొదలవుతాయి. హాలు ఇవ్వలేకపోతే బల్ల కిందో, మంచానికీ గోడకూ మధ్యనో కట్టించండి, దారికి అడ్డుండదు. పల్లెల్లో, కింది అంతస్తుల్లో రాత్రి ఉంచితే పొద్దున్నే పరుపులన్నీ ఎత్తి దులిపాకే పిల్లల్ని వదలాలి, జెర్రులూ తేళ్ళూ చీకటి మడతల్ని వెతుక్కుంటాయి. లోపల తిండి మరమరాలు, బిస్కెట్ల వరకే. పొడి రాలితే గంటలో చీమలు బారు కడతాయి. ఐదేళ్ళ లోపు పిల్లలకు వేరుశనగ గింజలు ఇవ్వకండి, పడుకుని నవ్వుతూ తింటారు, గొంతులో అడ్డం పడుతుంది.

విప్పడాన్ని కూడా పిల్లలకే ఇవ్వండి, తిట్టుతో కాకుండా. ముందు లోపలి సామాను, తర్వాత ఫ్యాను ఆపడం (అది పెద్దవాళ్ళ పనే), తర్వాత క్లిప్పులు, వాటిని లెక్కపెట్టి డబ్బాలో వెయ్యడం. పన్నెండు పెడితే పన్నెండూ రావాలి, ఒకటి తగ్గితే అది ఎవరి కాలి కిందో ఉంటుంది. ఆ తర్వాత తాడు, చివరికి బరువులు, వాటిని పెద్దవాళ్ళే తియ్యాలి. నీళ్ళ క్యాన్లు ముందు తీస్తే కుర్చీలు పడతాయి, అందుకే వాటిది ఆఖరి వంతు. దుప్పటిని ఇద్దరు ఎదురెదురుగా పట్టుకుని మూలకు మూల కలుపుతూ దగ్గరికి రావాలి. సగం, సగంలో సగం, దానిలో సగం. నాలుగో మడత దగ్గర ఎనిమిదేళ్ళ వాళ్ళను అడగండి, ఇప్పుడు ఎన్ని పొరలున్నాయో. విప్పి లెక్కపెడతామంటే పెట్టనివ్వండి, ఇంకోసారి మడుస్తారు.

పరంజామేస్త్రి

బొంతలపెట్టె గారు చెప్పిన వరస సరైనదే. ఒక్క సవరణ. క్లిప్పులన్నీ ఒకేసారి తియ్యకుండా నడితాడు ఒక కొస క్లిప్పును ఆఖరికి వదలమనండి. అది తియ్యగానే దుప్పటి తనంతట తనే ఒక పక్కకు జారి కుప్పవుతుంది. ఆ క్లిప్పు ఎవరు తియ్యాలన్నది కట్టకముందే తేల్చుకుంటే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది.